కేదార్‌కంఠ డిసెంబర్ ట్రెక్: నడుస్తూ వేసుకోవడానికి తేలికపాటి హుడ్ ఫ్లీస్ ఎలాంటిది తీసుకోవాలి?

అరకుదారి:

నమస్తే అండీ. డిసెంబర్ మూడో వారంలో ఇద్దరం ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరానికి వెళ్తున్నాం, సాంక్రి అనే ఊరి నుంచి ఎక్కి మళ్లీ సాంక్రికే దిగుతాం. ఒంటికి అంటిపెట్టుకునే పాలిస్టర్ థర్మల్ ఉంది, పైన వేసుకోవడానికి రెయిన్ జాకెట్ ఉంది, క్యాంపులో కూర్చోవడానికి హుడ్ ఉన్న డౌన్ (పక్షి నూగు నింపిన) జాకెట్ ఉంది. ఈ మధ్యలో వేసుకునేదే తేలడం లేదు.

ఇప్పుడున్న ఫ్లీస్ (నూగు ఉన్న పాలిస్టర్ బట్ట) ఉత్త కాలర్ రకం, కాటా వేస్తే 460 గ్రాములు. ఎక్కుడు మొదలైన పది నిమిషాలకే లోపల ఉడికిపోతుంది, ఆగితే వీపంతా చల్లబడి వణుకు. 300 గ్రాముల లోపు, హుడ్ ఉన్నది, నడిచినంతసేపూ ఒంటిమీదే ఉంచుకోగలిగేది కావాలి. నాకు చెమట ఎక్కువ.

షాపుల్లో పలుచని డౌన్ హుడీలు 250 గ్రాములకే ఉన్నాయి, చెయ్యి పెడితేనే వెచ్చగా తెలుస్తోంది. బరువుకు తగ్గ వెచ్చదనం చూస్తే ఫ్లీస్ దాని ముందు నిలవదు కదా, అదే వేసుకుని నడిస్తే ఏమవుతుంది? ఇంకోటి, హుడ్ నిజంగా కావాలా, మంకీ క్యాప్ సరిపోతుందా? నాది పొడవు జడ, హుడ్‌లో అది ఎలా కుదురుతుందో కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

ఉన్నిదారం:

డౌన్ వేసుకుని ఎక్కకండి. ఎందుకో ముందు చెప్తాను, మిగతా జవాబులన్నీ దాన్నుంచే వస్తాయి.

ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు సుమారు 100 వాట్ల వేడి ఇస్తుంది. వీపున బరువుతో మంచులో ఎక్కుతుంటే అది ఐదారు రెట్లవుతుంది. ఆ వేడీ, దాంతోపాటు పుట్టే చెమటా బయటికి పోవడానికి దారి కావాలి. డౌన్ జాకెట్ బట్టను నూగు బయటికి రాకుండా బాగా బిగువుగా నేస్తారు, కాబట్టి గాలి ఆడదు. ఆవిరి లోపలే ఆగి నూగును తడుపుతుంది, తడిసిన నూగు ఉండలు కడుతుంది. 800 ఫిల్ పవర్ అంటే ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల నూగు 800 ఘనపు అంగుళాల జాగా, దాదాపు 13 లీటర్లు నింపుతుందని లెక్క. మిమ్మల్ని వెచ్చగా ఉంచేది ఆ 13 లీటర్ల గాలే. చెమటకు తడిసిన చోటా, బ్యాగు పట్టీల కింద నలిగిన చోటా ఆ గాలి మిగలదు. పైగా రాత్రి క్యాంపులో మీకున్న గట్టి దిక్కు డౌనే. పగలు తడిపేస్తే డిసెంబర్‌లో టెంటులో అది ఆరదు.

ఇప్పుడు మీ వీపు సంగతి. బట్టలో 100 గ్రాముల చెమట నిలిచిందనుకోండి, అది ఆవిరి కావడానికి దాదాపు 58 కిలోక్యాలరీల వేడి కావాలి. నడుస్తున్నప్పుడు ఒళ్లు దాన్ని సునాయాసంగా ఇస్తుంది. ఆగగానే ఇవ్వలేక చల్లబడుతుంది. మీ ఫ్లీస్ నడకకు మరీ మందంగా ఉంది, వణుకు అక్కడే మొదలవుతోంది. ఇంకా మందమైనది కొంటే ఇంకా వణుకుతారు.

మీకు కావలసింది గ్రిడ్ ఫ్లీస్. లోపలి వైపు తిప్పి చూస్తే చిన్న చిన్న గళ్లు ఉబ్బెత్తుగా ఉంటాయి, వాటి మధ్య సన్నని కాలువలు. ఉబ్బెత్తు భాగం గాలిని పట్టి ఉంచుతుంది, పలుచని కాలువల్లోంచి ఆవిరి వెళ్లిపోతుంది. ఒకే బరువున్న మామూలు ఫ్లీస్ కంటే ఇది త్వరగా ఆరుతుంది, మడిస్తే చిన్నగా అవుతుంది. పోలార్‌టెక్ అనే బట్టల కంపెనీ వాళ్ల పవర్ గ్రిడ్ ఇందులో బాగా తెలిసిన పేరు, పటగోనియా వాళ్ల ఆర్1 ఫ్లీస్ ఆ బట్టతోనే పేరు తెచ్చుకుంది. అదే కొనాలనేం లేదు, గళ్ల అల్లిక ఉంటే చాలు.

300 గ్రాముల లోపు రావాలంటే బట్ట జీఎస్ఎం చూడాలి. జీఎస్ఎం అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో. మీడియం సైజు హుడీకి సుమారు ఒకటిన్నర చదరపు మీటర్ల బట్ట పడుతుంది. 150 జీఎస్ఎం అయితే బట్టే 225 గ్రాములు, జిప్పు, కుట్లు, అంచు పట్టీ కలిపి 260 దాకా వస్తుంది. 200 జీఎస్ఎంతో నిండు జిప్పు, రెండు జేబులు పెడితే 370 దాటుతుంది. కాబట్టి 130 నుంచి 170 మధ్య వెతకండి. చాలా లేబుళ్ల మీద జీఎస్ఎం రాయరు. అప్పుడు లగేజీ తూచే చిన్న కొక్కెం కాటా పట్టుకెళ్లి అక్కడే తూచి, పై లెక్కను వెనక్కి నడిపిస్తే తెలిసిపోతుంది.

షాపులో ఇంకో మూడు పనులు చేయండి. బట్టను వెలుతురుకు ఎత్తి పట్టండి, గళ్ల మధ్య వెలుగు కనబడాలి. నోటికి ఆనించి ఊదండి, అవతల పెట్టిన అరచేతికి గాలి సులువుగా తగలాలి. లోపలి కుట్టు దగ్గరి లేబుల్ చదవండి, అంతా పాలిస్టర్, లేదా పాలిస్టర్‌తో పాటు 5 నుంచి 8 శాతం ఎలాస్టేన్ (సాగే దారం) ఉండొచ్చు. కాటన్ అన్న మాట ఎక్కడ కనబడినా తిరిగి అక్కడే పెట్టేయండి. కాలేజీ పిల్లలు వేసుకునే హుడీలు చాలావరకు సగానికి పైగా కాటనే, లోపల నూగు దువ్వి ఉంటుంది కాబట్టి చూడ్డానికి ఫ్లీస్‌లా ఉంటాయి. తడిస్తే కొండ మీద ఆరవు. విండ్‌ప్రూఫ్ అని రాసి ఉన్న ఫ్లీసు కూడా వద్దు, లోపల పొర అతికించి ఉంటుంది, ఊదితే గాలి దాటదు. నడకకు అది డౌన్ జాకెట్ లాగే ఉక్క పెడుతుంది.

మరి గాలి కొడితే? గ్రిడ్ ఫ్లీస్ ఒక్కటే ఉంటే గాలికి జల్లెడలాగే ఉంటుంది. సాంక్రి సుమారు 1,950 మీటర్లు, శిఖరం సుమారు 3,810. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున పడిపోతే ఎత్తు ఒక్కదానికే 12 డిగ్రీలు తేడా. శిఖరం దగ్గర మైనస్ 5 ఉండి 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే ఒంటికి మైనస్ 13లా తగులుతుంది. అందుకే మధ్య పొర మీద పలుచని నైలాన్ విండ్‌చీటర్ ఒకటి, 100 గ్రాముల చుట్టూ ఉండేది, పూత లేనిది, తప్పకుండా పెట్టుకోండి. మీ రెయిన్ జాకెట్ ఆ పని చేస్తుంది కానీ ఆవిరిని ఆపేస్తుంది. దాన్ని మంచు కురిసేటప్పటికీ, శిఖరం మీది గట్టి గాలికీ ఉంచండి. ఫ్లీస్ 260, విండ్‌చీటర్ 100 కలిపి చూసినా మీ పాత ఫ్లీస్ కంటే 100 గ్రాములు తక్కువే.

మెట్లదారి:

ఉన్నిదారం గారు బట్ట గురించి చెప్పాల్సిందంతా చెప్పారు. నేను హుడ్, కొలతల గురించి రాస్తాను, ఎక్కువమంది పొరపాటు పడేది అక్కడే.

ఒంట్లో సగం వేడి తల నుంచే పోతుందని చెప్పుకునేది నిజం కాదు. తల మన చర్మం మొత్తంలో సుమారు పదో వంతు. అయితే మిగతా ఒళ్లంతా కప్పి తలా మెడా వదిలేస్తే పోయేదంతా అక్కడి నుంచే పోతుంది. హుడ్ ఉపయోగం వెచ్చదనంతో పాటు దాన్ని క్షణంలో మార్చుకోగలగడం. చేతిలో కర్రలుంటాయి, గ్లోవ్స్ ఉంటాయి. ఎక్కుడులో వెనక్కి తోసేస్తారు, మలుపు తిరగ్గానే గాలి కొడితే లాక్కుంటారు. మంకీ క్యాప్‌కి ఆగాలి, తీయాలి, దాచాలి, మళ్లీ వెతకాలి. అందుకని జనం దాన్ని తీయకుండా నడిచి తల తడిపేసుకుంటారు. మంకీ క్యాప్ రాత్రి పడుకునేటప్పుడు వేసుకోవడానికి బాగుంటుంది, తీసుకెళ్లండి.

మధ్య పొర హుడ్ తలకు అంటుకుని ఉండాలి, ఈత టోపీ అంత బిగుతు కాకపోయినా దానికి దగ్గరగా. దీని మీద విండ్‌చీటర్ హుడ్, ఆ పైన రెయిన్ జాకెట్ హుడ్ వస్తాయి. కిందది వదులుగా ఉంటే మడతలు పడి పైవాటిని పక్కకు తోస్తుంది. వేసుకుని తల ఎడమకూ కుడికీ తిప్పండి. మీతో పాటు హుడ్ తిరగాలి. మీరు తిరిగి హుడ్ అక్కడే ఉంటే ఒక కన్ను బట్టలోకి చూస్తుంది, రాళ్ల మీద అది ప్రమాదం. గడ్డం దాకా జిప్పు మూసి నోరు తెరవండి, పట్టుకున్నట్టు ఉండకూడదు. జిప్పు పైకొనకు బట్ట కప్పు ఉండాలి, లేకపోతే చలిలో ఆ కొన గడ్డాన్ని గీరుతుంది. కళ్లద్దాలు ఉంటే జిప్పు ముక్కు దాకా మూయకండి. ఊపిరి పైకి తన్ని అద్దాల మీద మంచులా పేరుకుంటుంది, నోటి దగ్గర బట్ట తడిసి గడ్డకడుతుంది.

జడ గురించి. ముడి గానీ పోనీటెయిల్ గానీ ఎత్తుగా వేస్తే హుడ్ ముందుకు తోసుకొచ్చి కళ్ల మీద పడుతుంది, వెనక మెడ దగ్గర సందు మిగులుతుంది. మెడ దగ్గర కిందగా మొదలయ్యే వదులు జడ అల్లుకుని, హుడ్ వేసుకునే ముందే ఒక భుజం మీంచి ముందుకు తెచ్చి ఫ్లీసుకూ విండ్‌చీటర్‌కూ మధ్య పెట్టండి. థర్మల్ లోపలికి దూరిస్తే చెమటకు తడిసి చల్లటి తాడులా వీపుకు అంటుకుంటుంది. రాత్రి ఆరకపోతే దిండు కూడా తడుస్తుంది.

కొలత దగ్గర: చేతులు రెండూ పైకెత్తండి, అంచు నడుము దాటి పైకి రాకూడదు, రెండు మూడు సెంటీమీటర్లు వెనక పొడవుంటే ఇంకా మంచిది. థర్మల్ వేసుకుని వెళ్లి దాని మీద ప్రయత్నించండి, టీషర్టు మీద కాదు. చంకల కింద పిడికెడు కంటే ఎక్కువ బట్ట పట్టుకు రాకూడదు. వదులైతే ఆ ఖాళీలో చల్లగాలి తిరుగుతుంది, చెమటను పీల్చాల్సిన బట్ట ఒంటికి తగలదు. వీలైతే బ్యాగు పట్టుకెళ్లి నింపి తగిలించుకోండి. నడుము బెల్టు కిందికి వచ్చే జేబులు పనికిరావు, జిప్పు ఎముక మీద నొక్కుకుంటుంది. ఛాతీ జేబు ఒకటి చాలు, చలికి ఫోన్ బ్యాటరీ దిగిపోకుండా ఒంటి వేడికి అక్కడ పెట్టుకోవచ్చు.

డెన్వర్‌నడక:

ఇక్కడ కొలరాడోలో తెలుగువాళ్లం చాలామందిమి ఇప్పుడు పోలార్‌టెక్ ఆల్ఫా డైరెక్ట్ వాడుతున్నాం. అమెరికా సైన్యంలోని ప్రత్యేక దళాల కోసం రూపొందించిన ఆల్ఫా నుంచి వచ్చిన బట్ట అది. వల లాంటి అల్లిక, దాని మీద కుచ్చులు కుచ్చులుగా పాలిస్టర్ నూగు. 60, 90, 120 జీఎస్ఎంలలో వస్తుంది. 90 రకంతో జిప్పు లేని హుడీ 120 నుంచి 150 గ్రాములు, అంటే మీరు అడిగిన బరువులో సగం. విండ్‌చీటర్ కింద వేసుకుంటే 260 గ్రాముల గ్రిడ్ ఫ్లీస్ కంటే వెచ్చగానే ఉంటుంది. పిండి విదిలిస్తే నీళ్లు దాదాపుగా పోతాయి. జపాన్ సంస్థ టేజిన్ తయారు చేసే ఆక్టా అని ఇంకోటి ఉంది, దారం లోపల బోలుగా, చుట్టూ ఎనిమిది రెక్కలతో ఉంటుంది. అది కూడా ఇదే పని చేస్తుంది. చెమట ఎక్కువంటున్నారు కాబట్టి వీటిలో ఒకటి చూడమంటాను.

ఉన్నిదారం:

డెన్వర్‌నడక గారూ, బట్ట మంచిదే, అందులో మాట లేదు. ఈ ట్రెక్‌కు మాత్రం నేను అది చెప్పను. ఆల్ఫా డైరెక్ట్ మీద పై పొర లేకపోతే చిన్న గాలికే వెచ్చదనం అంతా పోతుంది, అంటే విండ్‌చీటర్ తీయడం, వేయడం సరిగ్గా తెలిసి ఉండాలి. వెల్క్రో తగిలినా, కంప తగిలినా నూగు లేచి వస్తుంది. దారిలో వచ్చే జూడా కా తాలాబ్ చెరువు దాకా నడక అడవిలోనే. బ్యాగు పట్టీల కింద ఒకటి రెండు సీజన్లకు కుచ్చులు అణిగిపోతాయి. మన దగ్గర షాపులో వేసుకుని చూసి కొనేలా దొరకడం కూడా కష్టం, హుడ్ కొలత కుదరకపోతే తిప్పి పంపడం మరో తలనొప్పి. మొదటి మంచు ట్రెక్‌కు గ్రిడ్ ఫ్లీస్ పొరపాట్లను ఓర్చుకుంటుంది. రెండు మూడు ట్రెక్‌ల తర్వాత ఆల్ఫాకు వెళ్లొచ్చు.

చలిమంట:

మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. మెరినో ఉన్ని హుడీ అయితే? అదీ ఖరీదనుకుంటే, చలికాలంలో మన ఊళ్లలో ఫుట్‌పాత్ మీద నేపాలీవాళ్లు, టిబెటన్లు అమ్మే స్వెట్టర్లు పనికొస్తాయా?

ఉన్నిదారం:

మెరినో వాసన రాదు, తడిసినా చల్లగా తగలదు. ఒంటిని అంటిపెట్టుకునే పొరగా 150 జీఎస్ఎంది చాలా బాగుంటుంది. మధ్య పొరకు కావలసిన 250 జీఎస్ఎం దగ్గరికి వచ్చేసరికి చిక్కు. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను దారంలోనే దాచుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా దాచదు. పట్టిన ఆ తేమ పోవడానికి గంటలు పడుతుంది, చెమట ఎక్కువ ఉన్నవాళ్లకు సాయంత్రానికి బరువెక్కిపోతుంది.

ఫుట్‌పాత్ స్వెట్టర్లు చాలావరకు ఆక్రిలిక్. క్యాంపులో టీ తాగుతూ వేసుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు. నడకకు మాత్రం బరువెక్కువ, వదులు అల్లిక బ్యాగు కింద సాగిపోతుంది, వాటికి హుడ్ ఉన్నా తలతో తిరగదు. డబ్బు మిగుల్చుకోవాలంటే హుడ్ లేని 100 జీఎస్ఎం ఫ్లీస్ తీసుకుని, తలకు పలుచని బీనీ, మెడకు గొట్టంలాంటి బఫ్ పెట్టుకోండి. అరకుదారి గారు హుడ్ అడిగారు కాబట్టి నేనది ముందు చెప్పలేదు, పని మాత్రం జరుగుతుంది.

సాంక్రిలో జాకెట్లు, గైటర్లు (బూట్లలోకి మంచు పోకుండా పిక్కలకు తొడిగేవి) అద్దెకు దొరుకుతాయి. డౌన్ జాకెట్, గైటర్ల వరకు అద్దె సరే. ఒంటికి కొలతగా ఉండాల్సిన మధ్య పొర మాత్రం సొంతది ఉండాలి.

అరకుదారి:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. రెండు చూశాను. ఒకటి 265 గ్రాములు, ఛాతీ దాకా అర జిప్పు. ఇంకోటి 310, నిండు జిప్పు. బట్ట ఒకటే, గళ్లదే, ఊదితే గాలి వస్తోంది. 45 గ్రాముల కోసం అర జిప్పు తీసుకోనా? శిఖరం రోజు ఏది ఎప్పుడు వేసుకోవాలో కూడా చెప్పగలరా?

మెట్లదారి:

మీకు నిండు జిప్పుదే. అర జిప్పుది తీయాలంటే విండ్‌చీటర్ విప్పి, టోపీ తీసి, జడ మీంచి తల దూర్చి లాగాలి, గాలిలో అది రెండు నిమిషాల పని. నిండు జిప్పయితే బ్యాగు ఛాతీ క్లిప్పు తీసి ముందంతా తెరుచుకుని నడవొచ్చు. చెమట తక్కువవాళ్లకైతే అర జిప్పే చెప్పేవాణ్ణి, నడుము బెల్టు కింద జిప్పు మడత ఉండదు కాబట్టి. 10 గ్రాములు ఎక్కువైతే కానివ్వండి, మీరు పెట్టుకున్న హద్దు కన్నా చెమట ముఖ్యం.

శిఖరం రోజు తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు బయల్దేరదీస్తారు. టెంటులోనే డౌన్ జాకెట్ తీసి బ్యాగులో అన్నిటికన్నా పైన పెట్టేయండి. థర్మల్, గ్రిడ్ ఫ్లీస్, విండ్‌చీటర్, ఈ మూడిటితో బయటికి రండి, ఫ్లీస్ హుడ్ తల మీద ఉంచి. మొదటి పది నిమిషాలు చలేస్తుంది, వేయాలి కూడా. ఒళ్లు కాగడం మొదలవగానే, చెమట రాకముందే, ఈ వరుసలో వదులు చేసుకోండి: ముందు హుడ్ వెనక్కి, తర్వాత రెండు జిప్పులూ ఛాతీ దాకా, ఆ తర్వాత గ్లోవ్స్, అప్పటికీ వేడిగా ఉంటే విండ్‌చీటర్. ఫ్లీస్ మాత్రం తీయకండి. నుదురు తడి తగిలే దాకా ఆగితే ఆలస్యమైనట్టే.

శిఖరం మీద ఆగగానే, ఫోటోలకు ముందు, ఉన్నవాటి మీదే డౌన్ జాకెట్ వేసేసుకోండి. విండ్‌చీటర్ విప్పి లోపల వేసుకోవాలని చూస్తే ఉన్న వేడి పోతుంది. అందుకే డౌన్ జాకెట్ ఇవన్నీ పట్టేంత వదులుగా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి, బిగిస్తే నూగు నలిగి ఉపయోగం ఉండదు.

ఉన్నిదారం:

నిండు జిప్పుదానికే నా ఓటూను. కొన్నాక వెళ్లేలోపు ఒకసారి పరీక్ష పెట్టండి. మీరు అరకు వైపు వాళ్లయితే డిసెంబర్ తెల్లవారుజామున పాడేరు దగ్గరి వంజంగి కొండ ఎక్కుడు దీనికి సరిగ్గా సరిపోతుంది. ట్రెక్‌లో మోసే బరువే బ్యాగులో వేసుకుని, ఇవే మూడు పొరలతో ఎక్కండి. పైన ఆగి పది నిమిషాలు కూర్చుని ఫ్లీస్ వీపు భాగాన్ని చేత్తో పట్టి చూడండి. థర్మల్ తడిగా ఉండి ఫ్లీస్ లోపలి వైపు పొడిగా ఉంటే తేమ దాటడం లేదు, కొలత వదులైందని అర్థం. ఫ్లీస్ లోపల పొడిగా, బయటి ముఖం మీద సన్నని తుంపరలా తడి ఉండి థర్మల్ కూడా దాదాపు ఆరిపోతే అన్నీ కుదిరినట్టు.

ఉతకడం గురించి ఒక మాట, హుడ్ కాబట్టి ఇది తప్పదు. తలకు కొబ్బరి నూనె రాసుకుని వేసుకోవద్దు. అది 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, హుడ్ లోపలి గళ్లలో మైనంలా పట్టి నూగును అణిచేస్తుంది, తర్వాత చన్నీళ్లకు వదలదు. ప్రయాణానికి రెండు రోజుల ముందు తలంటు పోసుకుని, ట్రెక్ అయ్యేదాకా నూనె మానేయండి. డౌన్ జాకెట్ హుడ్‌కూ ఇదే వర్తిస్తుంది. ఫ్లీస్‌ను లోపలివైపు బయటికి తిప్పి, జిప్పు మూసి, 30 డిగ్రీల నీళ్లలో కొద్దిపాటి సబ్బుతో ఉతకండి. కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రవాలు వేయొద్దు, అవి దారం మీద పూతలా పట్టి చెమట పీల్చకుండా చేస్తాయి. ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వకండి. ఇప్పటికే నూనె పట్టి ఉంటే హుడ్ ఒక్కదానికి గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు గోరువెచ్చని నీళ్లలో కలిపి వేళ్లతో రుద్ది, నురగ పూర్తిగా పోయేదాకా జాడించండి.